పిచ్చయ్య ముందర నీలం తెర

మన దగ్గర మనిషికి శాలువా కప్పారంటే రెండు అర్థాలు. ఒకటి, ఆయన గొప్పవాడని. రెండు, ఇక ఇంటికి పోయి కూర్చోమని. మొదటిది మైకులో చెబుతారు. రెండోది ఎవరూ చెప్పరు, కప్పించుకున్నవాడికి దానంతటదే తెలిసిపోతుంది. కోత పండుగనాడు చర్చిలో నాయినకు శాలువా కప్పుదామని భర్త కృష్ణ ఫోన్‌లో అన్నప్పుడు మంజులకు ముందు తట్టింది రెండో అర్థమే.

మంజుల మామ పిచ్చయ్య. మునగాల పక్కనున్న పల్లెలో, చిన్న చర్చిలో, పాట ఎత్తుకునేది ఆయనే. అక్కడి పద్ధతి పాతది. ఒకరు ముందు నిలబడి తాళాలు పట్టుకుని ఒక వరుస పాడతారు. చాపల మీద కూర్చున్న మంది అదే వరుస తిరిగి పాడతారు. వాళ్ళు ముగించగానే ముందున్నాయన తర్వాతి వరుస అందుకోవాలి. పుస్తకం చదవగలిగినవాళ్ళు ఊళ్ళో ఒకరో ఇద్దరో ఉన్న కాలంలో పుట్టిన పద్ధతి. ఇప్పుడు అందరికీ చదువొచ్చింది, పద్ధతిని మాత్రం ఎవరూ కదిలించలేదు. పిచ్చయ్యకు పాటలన్నీ నోటికి వచ్చు. కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాడంటే కంచు గొంతు హైవే దాకా వినబడుతుంది.

పోయినవి చెవులు. మఠంపల్లి వైపు సున్నపురాయి క్వారీలో బతుకంతా పనిచేసినవాడికి వినికిడి మిగలడమే ఎక్కువ. మంది ఎక్కడిదాకా పాడారో, ఎప్పుడు ఆపారో ఆయనకు తెలియకుండా పోయింది. అంచనా మీద అందుకునేవాడు. ఒక్కోసారి మంది ఇంకా పాడుతుండగానే మీద పడేవాడు. సూర్యాపేట దవాఖానలో చెవి మిషన్ ఇప్పించారు గానీ, అది పాటనూ పిల్లల ఏడుపునూ ఫ్యాను రొదనూ లారీల హారన్లనూ కలిపి ఒకేసారి చెవిలో గుమ్మరించింది.

"గది మిషన్ కాదు బిడ్డా, చెవుల అంగడి పెట్టినట్టున్నది," అని ఆయన దాన్ని డబ్బాలో పడుకోబెట్టాడు.

కృష్ణది చెడ్డ మనసేమీ కాదు. మిర్యాలగూడలో రైస్ మిల్లులో పని, వారానికోసారి వస్తాడు. తండ్రిని చూసి ఎవరైనా నవ్వితే తట్టుకోలేడు, అదే అతని బాధ.

"ఇజ్జత్ ఉండంగనే దింపాలె మంజులా. మంది నవ్వినంక దింపితే ఏం బాగుంటది? చర్చి అయ్యగారితోని కూడ మాట్లాడిన," అన్నాడు.

"పండగ దాకా ఆగండి. నేనొకటి చేసి చూస్తా," అంది మంజుల.

మంజుల పుట్టిల్లు కోదాడ. ఉద్యోగమూ అక్కడే, ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటుంది. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఎవరితోనూ కలవలేక గడప దగ్గర నిలబడిపోయిన ఆమెను, ఒక ఆదివారం తన పక్కన నిలబెట్టుకుని తాళాలు చేతికిచ్చినవాడు పిచ్చయ్య. ఆమెకు తాళం రాదు. చర్చి అంతా గలగలా తప్పు మోగించినా ఆయన కళ్ళు తెరవలేదు, ముఖం చిట్లించలేదు. అప్పటినుంచీ ఆయన మీద ఆమెకున్నది ప్రేమే, మర్యాద కాదు. ఆయన్ని ఆ ముందు చోటునుంచి లేపి వెనక చాప మీద కూర్చోబెట్టడం ఊహించుకోవడం ఆమె వల్ల కాలేదు.

మొదట ఆమెకు తోచింది అందరికీ తోచేదే. తన పాత ల్యాప్‌టాప్‌ను స్టూలు మీద పెట్టి, మామ ముందర పాట అక్షరాలు కనబడేట్టు చేసింది. కళ్ళు తెరిచి పాడమని బతిమాలింది. ఆయన కోడలి మాట కాదనలేక తెరిచాడు. రెండో పాట సగంలో ఉండగా తెర మూలనుంచి ఒక డబ్బా జారి వచ్చింది, కొత్త అప్‌డేట్ వచ్చిందట. దాని మీద ఇంకోటి, బ్యాటరీ తక్కువుందట. దాని మీద మరోటి, వైరస్‌ను చూసే ప్రోగ్రామ్‌కు గడువు దాటిందట. ఆ తోపులాటలో అక్షరాలు అడుగున పడ్డాయి. పిచ్చయ్య తాళాలు ఆపి వంగి చూశాడు. ఆయన ఆగాడని మందీ ఆగారు.

"ఎవరో వచ్చి కూసున్నరు బిడ్డా దీంట్ల. పాట అయినంక రమ్మని చెప్పు," అన్నాడు.

అందరూ నవ్వారు. మంచి నవ్వే, కానీ కృష్ణ నవ్వలేదు. మంజుల వైపు చూసి తల దించుకున్నాడు.

మర్నాడు కాలేజీలో కూర్చుని ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. తప్పు అక్షరాలది కాదు, తెర మీద తెరుచుకునే విండోలది, అంటే కిటికీలది. మామూలు కంప్యూటర్‌లో కిటికీలు పండుగ పూట బస్సెక్కిన జనం లాంటివి, ఒకదాని మీద ఒకటి పడతాయి. అలా పడనివ్వకుండా, షాబాద్ బండలు పరిచినట్టు పక్కపక్కన పరిచే విండో మేనేజర్లు ఉంటాయని ఆమెకు తెలుసు. కొత్త కిటికీ వస్తే ఉన్నవి కాస్త జరిగి చోటిస్తాయి, ఎవరూ ఎవరి నెత్తిన ఎక్కరు. అన్నిటిలోకీ చిన్నదాన్ని వెతికి పట్టుకుంది. దాని కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు, ఎలాగైనా మార్చుకోవచ్చు. అయితే సెట్టింగుల పేజీ అంటూ ఏమీ ఉండదు. రంగు మార్చాలన్నా కోడ్ తెరిచి మార్చి, ప్రోగ్రామ్‌ను మళ్ళీ మొత్తం కట్టుకోవాలి. అంటే హోటల్ భోజనం కాదది, బియ్యమూ పొయ్యీ చేతికిచ్చి వండుకొమ్మనే రకం.

మంజులకు వండుకోవడమే ఇష్టం. పాత ల్యాప్‌టాప్‌లో ఉన్నదంతా ఊడ్చేసి లినక్స్ పెట్టింది. ఆ చిన్న ప్రోగ్రామ్‌ను సాయంత్రాలు ల్యాబ్ ఖాళీ అయ్యాక కట్టడం మొదలుపెట్టింది. మొదటిసారి అది, తనకు కావాల్సిన ఏదో లైబ్రరీ లేదని అలిగింది. అది తెచ్చిస్తే, ఎక్కడో ఒక సెమీకోలన్ మరిచిపోయావని పేజీడు తిట్లు తిట్టింది. అన్నీ సర్ది కట్టాక తెర మీద ఏమీ రాలేదు, అంతా నలుపు. పాడైందేమో అనుకుంది. తర్వాత అర్థమైంది, అది దాని సహజ రూపమే. అడిగితే తప్ప ఏమీ చూపదు. మంజులకు ఆ స్వభావం నచ్చింది. అడక్కుండా మాట్లాడేవాళ్ళతో ఆమె చాలాకాలంగా విసిగి ఉంది.

ఎడమవైపు పెద్ద కిటికీలో పాట వరుస పెట్టింది. కుడివైపు ఒకదాని కింద ఒకటి మూడు చిన్నవి పేర్చింది: రాబోయే వరుస, గడియారం, అడుగున మైకు శబ్దం చూపే పట్టీ. శబ్దం వస్తే ఆ పట్టీ నీలంగా లేస్తుంది, ఆగితే పడుతుంది. అది ఎందుకు పెట్టిందంటే చోటు మిగిలింది గనక. తెలుగు అక్షరాలు కాస్త సతాయించాయి. ఒత్తులు కింద కూర్చోకుండా పక్కకు వచ్చి నిలబడ్డాయి. ఫాంటు మార్చి, ఇంకోటి మార్చి, చివరికి కూర్చోబెట్టింది.

ఆ ఆదివారం తెర మీద ఎవరూ ఎవరినీ తొక్కలేదు. పిచ్చయ్య మాత్రం అక్షరాల వంక ఒక్కసారీ చూడలేదు. పాడినంతసేపూ ఆయన చూపు కుడివైపు అడుగు మూలనే ఉంది. ఇంటికి వచ్చాక మంజులను పిలిచాడు.

"ఆ మూలకు లేసుకుంట పడుకుంట ఉన్నది ఏంది బిడ్డా?"

ఆయనతో మాట్లాడాలంటే చెవి దగ్గరకు పోయి గట్టిగా చెప్పాలి. "అది మైకు మామా! చప్పుడు వస్తే లేస్తది!"

"మంది పాడితే లేస్తదా?"

"ఆ!"

"మంది ఆపితే పడుతదా?"

"పడతది!"

"మరి గదే పెద్దగ చెయ్యి. అచ్చరాలు నాకెందుకు? పాటలు నాకు రావా?" అన్నాడు.

మంజుల తనను తాను తిట్టుకుంది. పాట మరిచిపోయేవాడికి చేయాల్సింది వినబడనివాడికి చేసింది. ఆయనకు లేనిది ఒక్కటే, మంది ఎక్కడ ఆపారన్న కబురు. అది ఆ మూల కిటికీలో ఎప్పుడో వచ్చి కూర్చుంది.

ఇక తీసేయడం మొదలైంది. వరుసల కిటికీ తీసేసింది. గడియారం తీసేసింది. పైన ఉండే పట్టీ, కిటికీ చుట్టూ అంచు, మధ్య సందులు, మౌసు బాణం, ఒక్కొక్కటిగా కోడ్‌లోనే చెరిపేసి మళ్ళీ కట్టింది. తీసేసిన కొద్దీ ప్రాణం తేలికపడింది. ఆ ఉత్సాహంలో కీబోర్డు మీటలన్నీ పని చేయకుండా చేసింది, అందులో బయటికి వచ్చే మీటా పోయింది. తన సొంత ల్యాప్‌టాప్‌లో తానే ఇరుక్కుని, పవర్ బటన్ నొక్కి పట్టుకుని బయటపడింది. సిగ్గుగా నవ్వుకుని ఆ ఒక్క మీట వెనక్కి ఇచ్చింది. చివరికి తెర నిండా మిగిలింది ఒకటే. శబ్దం వస్తే అడుగునుంచి పైదాకా నీలం నిండుతుంది, ఆగితే దిగిపోతుంది. మైకును ఆడవాళ్ళ చాపల పైన స్తంభానికి కట్టింది. ఒక్క మనిషి గొంతుకు లేవకుండా, మంది పాడితేనే లేచేట్టు దాని చెవిని సరిచేసింది.

ఆదివారం వచ్చింది. పిచ్చయ్య తెర ముందు నిలబడి మొదటి వరుస ఎత్తుకున్నాడు. మంది అందుకున్నారు. తెర నిండుగా నీలం లేచింది. ఆయన ముఖంలో వచ్చిన వెలుగు చూసి మంజుల కళ్ళు చెమర్చాయి. ఇంతలో నీలం పడిపోయింది.

పిచ్చయ్య తర్వాతి వరుస అందుకోలేదు. ఆయన చేతిలో తాళం మెల్లగా మోగుతూనే ఉంది. తొందరపడకుండా తాళం లెక్కపెడితే వరుస ఎంత పొడవో ఆయన వేళ్ళకు తెలుసు. అది సగమే అయింది. ఆయన అనుమానంగా తెర వంక చూసి, రెండో వరుస పాడాడు. నీలం లేచింది, మళ్ళీ సగానికే పడింది. మూడోదీ అంతే. అప్పుడు ఆయన తల ఎత్తి మంది వైపు చూశాడు. పాడేటప్పుడు ఎన్నడూ కళ్ళు తెరిచి మందిని చూసినవాడు కాదు. అందరి నోళ్ళూ మూసి ఉన్నాయి. అందరూ ఆయన పెదవుల వంకే చూస్తున్నారు, ఎప్పుడు కదులుతాయా అని.

మంజుల నోరు కూడా మూసే ఉంది. తానూ సగమే పాడుతున్నానని ఆమెకు అప్పుడే తెలిసింది. ఎవరూ చెప్పింది లేదు. ఈ చర్చిలో అందరూ అలాగే పాడుతుంటే ఆమె అలాగే నేర్చుకుంది, పాటే అంత అనుకుంది.

పిచ్చయ్య ఆ పాట ముగించాడు. మిగతా పాటలూ పాడాడు. ఇంటికి వచ్చి చెప్పులు విడిచి, మంచం మీద కూర్చుని భార్య ఎస్తేరును పిలిచాడు.

"ఎప్పటి సంది గిట్ల?"

ఎస్తేరు మొదట ఏమీ తెలియనట్టు చేటలో బియ్యం ఏరింది. ఆయన అడగడం మానలేదు. ఇక తప్పక చేట పక్కన పెట్టి ఆయన చెవి దగ్గర కూర్చుంది. ఎంత దాచుకోవాల్సిన మాటైనా ఆయనకు అరిచే చెప్పాలి. ఆమె గొంతు వాడ చివరిదాకా పోయింది.

"నువ్వు మంది మీద పడుడు సురువైనప్పటి సంది! పిల్లలు కిసకిస నవ్విన్రు! నాకు పానం ఒప్పలే! నువ్వు ఎక్కడ అందుకుంటవో అక్కడికే ఆపుదామని ఆడోళ్ళకు నేనే చెప్పిన! ఆడోళ్ళను చూసి మొగోళ్ళు ఆపిన్రు! తప్పు నాదే, నన్ను తిట్టు!"

ఆయన తిట్టలేదు.

"గంత మంది, నా ఒక్కని కోసం సగం మింగిన్రు," అన్నాడు. "నేనేమో కండ్లు మూసుకోని నా అంత పాటగాడు లేడనుకుంటున్న. దేవుని కాడికి సగం పాటే పోయింది గదనే ఎస్తేరూ, ఇన్నేండ్లూ." తర్వాత కోడలి వైపు తిరిగాడు. "కృష్ణకు ఫోన్ చెయ్యి బిడ్డా. శాలువా తెమ్మను. కప్పుకుంట."

ఆయన్ని ఆ చోట నిలబెట్టాలని కట్టిన తెరే ఆయన్ని దింపేసింది. ఊరంతా కలిసి ఎంతో ప్రేమగా కప్పిపెట్టిన దాన్ని తాను ఊడబెరికి, తెర నిండా చేసి, ఆయన కళ్ళ ముందు పెట్టింది. ల్యాప్‌టాప్‌ను చీర ముక్కలో చుట్టి బీరువా మీద పడేసింది. కోదాడ బస్సులో పోతూ వస్తూ ఆ వారమంతా కిటికీ వైపు ముఖం తిప్పుకుని ఏడ్చింది. మామ మాత్రం వేళకు తిన్నాడు, వేళకు పడుకున్నాడు, పాట ఒక్కటీ తీయలేదు. అది ఇంకా ఘోరంగా ఉంది.

కోత పండుగ ఆదివారం చర్చి ముందుభాగమంతా కొత్త వడ్ల మూటలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. గుమ్మానికి వరి కంకుల తోరణం. కృష్ణ మిర్యాలగూడ నుంచి పొద్దున్నే దిగాడు. చేతిలో శాలువా కవరు, మెరిసే జరీ అంచుది. తండ్రి ఒప్పుకున్నాడని అతనికి కాస్త ఊరటగా ఉంది. భార్య ముఖం చూసి అదీ లేకుండా పోయింది.

బయల్దేరబోతూ పిచ్చయ్య గుమ్మంలో ఆగాడు. "నీ డబ్బా ఏది బిడ్డా?"

"వద్దు మామా!" అంది మంజుల చెవి దగ్గర. "ఇయాల్టికి వద్దు!"

"ఆఖరి రోజు గూడ గుడ్డిగ పాడమంటవా? పట్టుకరా."

స్టూలు మీద తెర పెట్టింది. తొందరలో మీటలు తప్పుగా నొక్కింది, అదృష్టం కొద్దీ ఆ ఒక్కటి తప్ప మీటలేవీ పని చేయవు. అయ్యగారు ప్రార్థన చేసి, పిచ్చయ్య సంఘానికి చేసిన సేవ గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, ఇప్పుడు ఆయన కోత పాట పాడతారనీ ఆ తర్వాత సన్మానమనీ ప్రకటించాడు. కృష్ణ కవరులోంచి శాలువా తీసి మడత మీదే పట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు.

పిచ్చయ్య మొదటి వరుస ఎత్తుకున్నాడు. గొంతులో ఏ తేడా లేదు. మంది అందుకున్నారు. నీలం లేచింది. సగానికి వచ్చేసరికి అలవాటుగా ఆపేశారు. నీలం పడింది.

ఆయన పెదవి కదపలేదు. తాళాలు ఛాతీకి ఆనించి నిలబడ్డాడు. మంది ఆయన కోసం చూస్తున్నారు, ఆయన మంది కోసం చూస్తున్నాడు. ఆయన వెనక ఒక కోడి రెక్కలు కొట్టుకుంది. కృష్ణ లేవబోయి, ఏం చేయాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. తండ్రి పాట మరిచిపోయాడనుకున్నాడు.

"మిగిలింది ఎవరు పాడాలె?" అన్నాడు పిచ్చయ్య. కోపం లేదు, అన్నం వడ్డిస్తూ ఇంకా ఎవరికి కావాలని అడిగినట్టుగా అన్నాడు. "మీరు మింగితే నాకు కనబడుతున్నది. నా కోసం ఎవరు గూడ మింగొద్దు. మొత్తం పాడుండ్రి. ఎంతసేపైన గాని, నేను ఆగుత."

నోరు తెరవాలంటే అందరికీ సిగ్గే. ఆ సిగ్గు మొదట విడిచింది ఎస్తేరు. చాప మీదనుంచి, మింగిన సగాన్ని ఒక్కతే అందుకుంది. ఒక్క గొంతుకు తెర లేవలేదు. మంజుల కలిసింది. పక్కనున్న ఆడవాళ్ళు కలిశారు. గోడకు ఆనుకున్న మొగవాళ్ళు కలిశారు. అడుగునుంచి నీలం నెమ్మదిగా పైకి పాకి, తెర నిండా నిలబడింది.

వరుస అయిపోయింది. అందరూ ఆపారు. పిచ్చయ్య నీలం చుక్క మిగలకుండా దిగేదాకా చూసి, అప్పుడు రెండో వరుస ఎత్తుకున్నాడు. మంది ఈసారి ఆగలేదు. సగాన్ని దాటి, చివరి మాటను సాగదీసి మరీ పాడారు. కొందరు ఏడుస్తూ పాడుతున్నారు. ఆయనకు ఒక్క మాట వినబడలేదు, అయినా ముందుకు వంగి, నీలం ముఖం మీద పడుతుంటే, ఎంతో ఓపికగా నిలబడ్డాడు.

చరణం పూర్తయింది. అయ్యగారు పాట అయిపోయిందనుకుని కృష్ణకు సైగ చేశాడు. కృష్ణ శాలువా విప్పుకుంటూ లేచాడు. పిచ్చయ్య అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"జర ఆగుండ్రి అయ్యగారూ," అన్నాడు. "మేం పాడుడు ఇయ్యాల్నే సురువైంది."

కృష్ణ నిలబడ్డచోటే నిలబడిపోయాడు. తర్వాత శాలువాను తన భుజాన వేసుకుని, చాలాకాలంగా చర్చిలో నోరు విప్పనివాడు, మందితో కలిసి రెండో చరణం అందుకున్నాడు.